బాడీకి తగలకూడని వైరు

నా కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్నప్పుడే డ్రైవరు పక్కసీటు కింద ఒక యాంప్లిఫయర్, డిక్కీలో పెద్ద స్పీకరు ఉన్నాయి. వెనకటి ఓనరెవరో గాని, కారు కంటే పాటల మీదే ఎక్కువ మోజు పడ్డట్టున్నాడు. నాకు ఆ దడదడలు పడవు. తీయించేద్దామనుకుంటే మా నాన్న అడ్డం పడ్డాడు. "మంచి సరుకు పాపా, ఉండనీ," అన్నాడు. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రం మా ఇల్లున్న సిద్ధగోరా నుంచి టాటానగర్ స్టేషన్ దాకా ఆయన్ని తిప్పి తీసుకురావడం నా డ్యూటీ అయింది. పాట పెట్టమంటాడు. వంగి సీటు కింద చెయ్యిపెట్టి యాంప్లిఫయర్ ఎంత వేడెక్కిందో చూస్తాడు. పాడేది ఎవరో ఆయనకక్కర్లేదు, పాట వచ్చే పెట్టె సుఖంగా ఉంటే చాలు.

మా నాన్న రైల్వేలో ట్రైన్ లైటింగ్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రైలుపెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు, పెట్టె కింద వేలాడే బ్యాటరీలు, ఇదే ఆయన లోకం. ఇంట్లో మిక్సీ ఆగినా, అమ్మ సీరియల్ చూస్తుంటే టీవీలో బొమ్మ పోయినా మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి వచ్చేది. అందులో పానాలు, పట్టకార్లు, టేపులు, ఎక్కడివో తెలియని స్క్రూలు. బండి మాత్రం ఎప్పుడూ కొనలేదు. సైకిలు మీద ఉద్యోగంలో చేరాడు, సైకిలు మీదే రిటైరై ఇంటికొచ్చాడు. మోటారు బండి అనేది మా ఇంటికి రావడం నా కారుతోనే మొదలు.

ఈ ఎండాకాలం మొదట్లో మా అమ్మకు ఒక భయం పట్టుకుంది. అమ్మకు అన్న, అంటే మా పెద్దమావయ్య, చివరి రోజుల్లో తన భార్యనే చూపించి "ఈవిడెవరు?" అని అడిగేవాడు. అది ఉన్నట్టుండి వచ్చిన జబ్బు కాదట. ముందు తాళంచెవులు మర్చిపోయాడు, తర్వాత దారులు, ఆ తర్వాత మనుషులు. అందుకని అమ్మ నాన్నను వెయ్యి కళ్ళతో కనిపెట్టడం మొదలుపెట్టింది. సాక్చి బజారులో గొడుగు వదిలేసి వచ్చాడంటే నావైపు చూసేది. అడిగిందే మళ్ళీ అడిగితే నావైపు చూసేది. ఒకరోజు నాన్న సోల్డరింగ్ ఐరన్ ఆపకుండా స్నానానికి వెళ్ళిపోయాడు. టేబులు మీది గుడ్డ కాలి ఇల్లంతా పొగ కమ్మింది. తర్వాత కొన్నాళ్ళకు ఆ ఐరనే కనబడకుండా పోయింది. నాన్న రేకుపెట్టె బోర్లించాడు, మంచాలు జరిపాడు, ఫ్రిజ్ వెనక కూడా చెయ్యిపెట్టి వెతికాడు. "ఏటో, ఎక్కడెట్టీసినానో," అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత పిచికల సంగతి. పొద్దున్నే లేచి, బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి, గుప్పెడు తీసి పెరటి గోడమీద చల్లడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న అలవాటు. రైల్వే క్వార్టర్లో ఉన్నప్పుడూ చల్లేవాడు, ఈ ఇంటికి వచ్చాకా చల్లేవాడు. అలాంటిది మానేశాడు. పిచికలు గోడమీద కూర్చుని కాసేపు గోల చేసి వెళ్ళిపోయేవి.

"సూసినావా? పిచికల్ని కూడా మర్సిపోనారు," అంది అమ్మ, నాకు మాత్రమే వినబడేట్టు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని టెల్కో కాలనీలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. "వయసొస్తే ఎవరైనా మర్చిపోతారు. నువ్వు ఊరికే రాద్ధాంతం చెయ్యకు," అని కసిరాను. కసిరానే గాని నాకూ లోపల గుబులుగానే ఉంది.

సరిగ్గా అప్పుడే యాంప్లిఫయర్ మొరాయించడం మొదలుపెట్టింది. సన్నగా పెడితే పాడుతుంది. కాస్త పెంచామా, గొంతు పట్టేసినట్టు ఆగిపోయి పచ్చలైటు బదులు ఎర్రలైటు వెలుగుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినా అంతే. సాక్చిలో షాపులో ఇచ్చేస్తానన్నాను.

"ఇంట్లో ఫిట్టరుండగా బజారుకి ఎల్తావా?" అన్నాడు నాన్న. మాటలో పౌరుషం ఉంది. కాని ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

శనివారం బెండకాయలు తరుగుతూ అమ్మ తేల్చి చెప్పేసింది. "రేపు ఆ పెట్టి బాగుసేసినారా, సరే. సెయ్యలేకపోతే మాత్రం ఆ రేకుపెట్టికి తాళమేసీత్తాను. మళ్ళీ కరెంటు జోలికి ఎల్లనివ్వను. ఒక్కర్నీ బజారుకీ పంపను. సోమారం డాక్టరు కాడికి తీసుకెల్దువుగాని."

నేను వద్దనలేదు. అమ్మ అన్నది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాన్న ముందుగదిలోనే పేపరు పట్టుకుని కూర్చున్నాడు. మా మాటలు విన్నాడో లేదో తెలియదు. పేజీ మాత్రం తిప్పలేదు.

ఆదివారం టిఫిన్ అవగానే యాంప్లిఫయర్‌కు తగిలించిన వైర్లన్నీ విప్పి, దాన్ని లోపలికి తెచ్చి టేబులు మీద పెట్టాడు. ఐరన్ కావాలి కదా, పక్కింటికి వెళ్ళాడు. పక్కింటాయన బీహారు వాడు, ఇన్వర్టర్లు బాగుచేస్తాడు. గోడ అవతల నుంచి మాటలు వినబడుతున్నాయి.

"చాచాజీ, ఆప్ కా అప్నా వాలా కహాఁ గయా?" అని, సొంత ఐరన్ ఏమైందని ఆయన అడిగాడు.

"ఖో గయా," అన్నాడు మా నాన్న. పోయిందని చెప్పడానికి గొంతు అంతగా తగ్గించాలా?

ఐరన్ తెచ్చి పని మొదలుపెట్టాక మాత్రం మనిషి మారిపోయాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, మూత విప్పి, ఒక్కో అతుకునూ గోటితో కదిపి చూశాడు. లావు వైర్లు బిగించే చోట ఒక అతుకు చుట్టూ వెంట్రుకంత పగులు కనబడింది. పాత సీసం తీసి, శుభ్రం చేసి, కొత్తది పోశాడు. పని అవగానే ప్లగ్గు పీకి, ఐరన్‌ను ఇటుకముక్క మీద ఆనించి, "పీకినాను, సూడు," అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో నాకు తెలుసు. అమ్మ వంటగది గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇన్వర్టరు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, డిక్కీలోని స్పీకరు తెచ్చి కలిపి, నా ఫోనులోంచి పాట పెట్టించాడు. పెంచమన్నాడు. పెంచాను. ఇంకా పెంచమన్నాడు. అలమారలో స్టీలు గిన్నెలు దడదడలాడాయి. ఎర్రలైటు రాలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అమ్మ మాత్రం, "కార్లో పాడనీ ముందు," అంది.

కార్లో పాడలేదు. అన్నీ ఎప్పటిలా బిగించి, తాళం తిప్పి, పాట పెట్టి, పెంచగానే ఎర్రలైటు వెలిగింది. మళ్ళీ ప్రయత్నించాం, మళ్ళీ వెలిగింది. నాన్న కాసేపు ఆ లైటునే చూశాడు. నేను గుమ్మంవైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఉండు పాపా, దీన్ని వదల్ను," అని నాన్న రేకుపెట్టెలోంచి టెస్ట్ ల్యాంప్ తీశాడు. అదేం పెద్ద పరికరం కాదు, హోల్డరులో చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. బానెట్ ఎత్తి, ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కు పట్టి, రెండోది కారు రేకుకు ఆనించాడు. బల్బు వెలిగింది.

"అదిగో! దొంగ దొరికినాడు!" అన్నాడు. "నెగటివ్ బాడీకి తగిలీసినాది. లీకేజీ. ఇందుకే ఆగిపోతన్నాది."

సీటు కింద చూస్తే యాంప్లిఫయర్ నుంచి వచ్చిన లావు నల్లవైరు కారు రేకుకే నట్టుతో బిగించి ఉంది. "ఎవడాడు? బుద్ధున్నోడు ఎవడైనా నెగటివ్ తెచ్చి బాడీకి కడతాడా?" అని దాన్ని విప్పి కొసకు టేపు చుట్టేశాడు. మళ్ళీ బల్బు పెట్టి చూశాడు. ఇంకా వెలుగుతూనే ఉంది.

అక్కడి నుంచి మొదలైంది. తివాచీ ఎత్తాడు. తలుపు దగ్గర లైటు వైరు విప్పాడు, బల్బు వెలుగుతూనే ఉంది. హారన్ వైరు విప్పాడు, వెలుగుతూనే ఉంది. డిక్కీలో లైటు, ముందు లైట్లు, ఎక్కడ నల్లవైరు కనబడితే అక్కడ విప్పి, టేపు చుట్టి, పరిగెత్తుకెళ్ళి బల్బు ఆనించి చూడడం. నడినెత్తిన ఎండ. కారు రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. నీళ్ళు తాగమంటే వినడు, నీడకు రమ్మంటే వినడు. "ఎక్కడో ఉన్నాది, ఎక్కడో ఉన్నాది," అని తనలో తను గొణుక్కుంటున్నాడు. నా కారు లోపల తివాచీ, వైర్లు, స్క్రూలు, పేగులు బయటపెట్టినట్టు పరుచుకుని ఉన్నాయి.

"నాన్నా, ఛోడ్ దో నా! వదిలెయ్, షాపులో ఇస్తాను," అని అరిచాను. తల ప్రాణం తోకకు వచ్చేసింది నాకు. కారు పాడవుతోందని కాదు కోపం. గంట క్రితం టేబులు ముందు కూర్చున్న మనిషికీ, ఎండలో వైర్లు పీకుతున్న ఈ మనిషికీ పొంతన కుదరడం లేదు. అమ్మ చెప్పిందే నిజమేమోనని మొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు ఆయన మీదే కోపం వచ్చింది.

చివరికి ఆయన దృష్టి బ్యాటరీ పక్కనే ఉన్న మందపాటి నల్లపట్టీ మీద పడింది. బ్యాటరీ మైనస్ నుంచి బయలుదేరి అది కూడా కారు రేకుకే బిగించి ఉంది. నాన్న దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. పానా తెచ్చి నట్టు విప్పి, పట్టీని పక్కకు వంచి, బల్బు పెట్టి చూశాడు. బల్బు ఆరిపోయింది.

"పోనాది! లీకేజీ పోనాది పాపా! కోచ్ ఓకే!" అని కేకేశాడు. ఆ మొహం వెలిగిపోవడం నేను ఎన్నాళ్ళకో చూశాను. "ఇప్పుడు స్టార్టు సెయ్యి."

తాళం తిప్పాను. ఏమీ కాలేదు. ఇంజను మూలగలేదు, మీటర్ల దగ్గర ఒక్క లైటైనా మినుకుమనలేదు. మళ్ళీ తిప్పాను. కారు చచ్చిపోయి ఉంది.

నాన్న చేతిలో బల్బు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గుమ్మంలోంచి అమ్మ లోపలికి వెళ్ళింది. వంటింటి అలమారలో తాళం కప్ప, చెవుల గుత్తి చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకూ వినబడింది. కిటికీ దగ్గరికి వచ్చి వంగి, "పాపా, నాను ఏటి సేసినాను?" అని అడిగాడు.

మా నాన్న నన్ను ఏదైనా అడిగి జవాబు కోసం అలా చూడడం నా జన్మలో లేదు. భయం వేసింది. అప్పుడు, చెవిలో ఇంకా మోగుతున్న ఆయన కేక దగ్గర నా బుర్ర ఆగింది. కోచ్ ఓకే అన్నాడు. కారని కాదు, కోచ్ అని.

చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు ఆయన చెప్పని రోజు లేదు. రైలుపెట్టెలో వెళ్ళే వైరు వేరు, వచ్చే వైరు వేరు. రెండింట్లో ఏదీ బాడీకి తగలకూడదు, బాడీని జనం ముట్టుకుంటారు. అందుకే పెట్టె బయలుదేరే ముందు బల్బు పెట్టి చూడాలి. బల్బు వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగిలిందని అర్థం. అది దొరికేదాకా పెట్టెను వదలకూడదు. మధ్యాహ్నం నుంచి ఆయన చేస్తున్నది అచ్చంగా అదే, ఒక్క మెట్టు కూడా తప్పకుండా.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఒకసారి స్కూలు దగ్గర నా బ్యాటరీ దిగిపోతే ఒక మెకానిక్ వేరే బండి తెచ్చి వైర్లు కలిపాడు. నల్ల క్లిప్పును బ్యాటరీకి కాకుండా ఇంజను ఇనుముకు పట్టించాడు. అదేమిటని అడిగితే, "మేడమ్, గాడీ మే తో పూరీ బాడీ హీ మైనస్ హై," అన్నాడు.

కారు దిగాను. "నాన్నా, ఇది కోచ్ కాదు. కార్లో రెండో వైరు ఉండదు. ఈ బాడీయే నెగటివ్. అన్నీ తెచ్చి దీనికే కడతారు. నువ్వు లీకేజీ అంటున్నావే, అది లీకేజీ కాదు, దాని పద్ధతే అంత."

ఆయన నన్ను చూశాడు, కారును చూశాడు. "బాడీయే నెగటివా?"

"అవును."

"మనిసి ముట్టుకుంటాడు గదా?"

"పన్నెండు వోల్టులే నాన్నా. ఏమీ కాదు."

"అన్ని కార్లూ ఇంతేనా?"

"అన్నీ."

కాసేపు పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు. "అలగైతే దీని రోగం లీకేజీ కాదు. దానికి ఎదురు! యాంపు నల్లవైరు బాడీకి సరిగ్గా తగలకపోడమే రోగం. సన్నగా పాడితే ఆ కాస్త తగలడం సాలు. పెంచితే సాలదు. గతుకులో పడితే కదిలిపోతాది." గబగబా సీటు కింద దూరి, ఇందాక తను విప్పిన నట్టు ఉన్న చోట వేలు పెట్టి రుద్దాడు. వేలికి తుప్పు అంటింది. కింద రేకుకు రంగు కూడా అలాగే ఉంది. రంగు మీదే నట్టు బిగించారు వెనకటివాళ్ళు. ఇంజనీరింగ్ చదివినవాడికైనా అంత తొందరగా తట్టదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన మనిషి ఈయనేనా అనుకున్నాను.

విప్పినవన్నీ ఒక్కొక్కటిగా తనే బిగించాడు. ఏది ఎక్కడిదో ఒక్కసారి కూడా తడుముకోలేదు. యాంప్లిఫయర్ నల్లవైరు దగ్గరికి వచ్చేసరికి గరుకుకాగితంతో రేకు తళతళలాడేలా రుద్దాడు. తర్వాత పానా నా చేతిలో పెట్టాడు.

"నువ్వు బిగించు. నెగటివ్ తెచ్చి బాడీకి కట్టడానికి నా సెయ్యి రాదు."

నేను బిగించాను. బ్యాటరీ దగ్గర నల్లపట్టీ కూడా నాచేతే బిగించించాడు, నేను బిగిస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తాళం తిప్పితే ఇంజను అందుకుంది. పాట పెట్టి పెంచాను, ఇంకా పెంచాను. పచ్చలైటు పచ్చగానే ఉంది. పక్కింటాయన గోడమీంచి తల పెట్టి, "వాహ్ చాచాజీ!" అన్నాడు.

అమ్మ చేతిలో తాళం కప్పతో మెట్ల మీద నిలబడి ఉంది. కార్లో బాడీ నెగటివని, ఆయన చేసింది మతిమరుపు కాదని, రైల్వేలో అయితే అదే అసలైన పద్ధతని నేను గట్టిగా, కొంచెం కోపంగానే చెప్పాను. ఆవిడ అంతా విని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది. కవరు మడతల్లోంచి నాలుగు బియ్యపు గింజలు మెట్టు మీద రాలాయి. అది నాన్న సోల్డరింగ్ ఐరన్.

"ఇది మీరు పారెయ్యనేదు. నానే బియ్యం డబ్బాలో దాసినాను. ఇల్లు తగలబడిపోతాదేమోనని బయమేసి," అంది. "అడిగితే తెలీదన్నాను."

నాకు నోటివరకు వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది, నాన్న మొహం చూసి. ఆయన ఐరన్ వైపు చూడడం లేదు, అమ్మనే చూస్తున్నాడు.

"నువ్వా ఎట్టినావు?" అన్నాడు.

అమ్మ తల ఊపింది.

"పిచికలకి బియ్యం తీత్తంటే సేతికి తగిలినాది," అన్నాడు నాన్న. "నానే ఎట్టీసినాననుకున్నాను. ఐరన్ని తెచ్చి బియ్యంలో ఎట్టుకున్నానంటే నా పని కూడా మీ అన్న పనే అయిపోనాదనుకున్నాను. మీకు తెలిస్తే బయపడతారని బియ్యంతో మళ్ళీ కప్పీసినాను. అప్పట్నించి ఆ డబ్బా కాడికి ఎల్లనేదు."

అమ్మ మెట్ల మీద కూలబడి బావురుమంది. నేను వెళ్ళి పాట ఆపేశాను. ఏం చెయ్యాలో తోచక స్టీరింగ్ పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

కారు దిగేసరికి నాన్న లోపల్నుంచి గుప్పెడు బియ్యంతో వస్తున్నాడు. ఎండ తగ్గింది, గోడమీద ఒక్క పిచికా లేదు.

"ఈ ఏలప్పుడు పిచికలెక్కడివి?" అంది అమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"పొద్దున్న తింటాయిలే," అని గోడ పొడుగునా చల్లాడు.